తెలుగులో నల్లజాతి రచయితలు: రెండు అనువాదాల చరిత్ర

నల్లజాతి రచయితలు ఇంగ్లీషు శాఖల పాఠ్యప్రణాళికల ద్వారానే తెలుగువారికి పరిచయమయ్యారన్న అభిప్రాయం పూర్తిగా సరికాదు. తరగతి గది వెలుపల, తెలుగులోనే వారిని చదివిన పాఠకవర్గం ఒకటి ఉంది. అందుకు రెండు అనువాదాలు నిదర్శనం.

అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో వెలువడింది. సహవాసి దానిని సంక్షిప్తీకరించి ‘ఏడు తరాలు’గా తెలుగు చేశారు. 1980లో ఏర్పడిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. మూలానికి ‘వేళ్లు’ అన్న మాట సరిపోయేది. అయినా అనువాదకుడు వంశాన్ని చెప్పుకునే తెలుగు నుడికారాన్ని ఎంచుకున్నారు. హేలీ కథనం ప్రకారం 1767లో గాంబియాలో అపహరణకు గురైన కుంటా కింటే మొదలు హేలీ వరకు లెక్కిస్తే సరిగ్గా ఏడు తరాలు. యజమానులు పేరు సైతం మార్చివేసిన బానిసకూ వంశచరిత్ర ఉందని ఈ శీర్షిక చాటింది. వంశావళి కొందరికే దక్కిన సమాజంలో, వెట్టిచాకిరీ జ్ఞాపకం చెరగని తెలంగాణలో, ఈ ఎంపిక కేవలం భాషాపరమైనది కాదు.

రెండవది జైలులో పుట్టింది. కెన్యా రచయిత గూగీ వా థియాంగో 1978లో నిర్బంధంలో ఉండి, టాయిలెట్ కాగితాలపై గికూయు భాషలో ఒక నవల రాశారు. 1980వ దశకంలో తానూ ఖైదీగా ఉన్న వరవరరావు దానిని ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా అనువదించారు. ఇంగ్లీషును వదిలి మాతృభాషకు మళ్లిన రచయిత ఇలా మరో మాతృభాషలోకి వచ్చారు.

వీటిని అనువాదాల జాబితాలో పేర్లుగా మాత్రమే బోధిస్తే ఈ చరిత్ర విద్యార్థికి అందదు. ఇవి తెలుగు సాహిత్యచరిత్రలోనూ భాగమే.