లాల్ బహదూర్ శాస్త్రి రాజకీయ ఎదుగుదల: మహబూబ్‌నగర్, తిరుపతి మలుపులు

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల నోట్సుల్లో లాల్ బహదూర్ శాస్త్రికి దక్కేది నాలుగైదు వాక్యాలే. పుట్టిన తేదీ, జై జవాన్ జై కిసాన్, తాష్కెంట్, రైలు ప్రమాదానికి రాజీనామా. అక్కడినుంచి మెట్రోలో మూడో స్టేషన్ ఎల్బీనగర్, ఆయన పేరిట వెలసిన ప్రాంతం. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసేదాకా అది విడి మునిసిపాలిటీ. 2009 నుంచి శాసనసభ నియోజకవర్గం. నగరం నడిబొడ్డున ఉన్న ఫతే మైదాన్‌కు కూడా 1967లో ఆయన పేరే పెట్టారు. ఇంత స్మరణ ఉన్నా, శాస్త్రి ఎదుగుదలలో రెండు ముఖ్యమైన మలుపులు తెలుగు నేలమీదే వచ్చాయన్న సంగతి చర్చకు రాదు. ఒకటి 1956లో మహబూబ్‌నగర్, రెండోది 1963లో తిరుపతి. ఆ రెంటినీ కలిపి చూస్తే, పదవి వదులుకున్న త్యాగమూర్తి బొమ్మ వెనక పార్టీ యంత్రాంగాన్ని లోపలినుంచి ఎరిగిన కార్యకర్త కనిపిస్తాడన్నది ఈ వ్యాసం వాదన.

శాస్త్రి 1904 అక్టోబరు 2న మొఘల్‌సరాయ్‌లో పుట్టారు. బడిపంతులుగా పనిచేసి, తర్వాత అలహాబాద్ రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా చేరిన తండ్రి 1906లో ప్లేగు సోకి మరణించారు. తల్లి రామ్‌దులారీ దేవి పిల్లలతో పుట్టింటికి చేరింది. పడవకు డబ్బుల్లేక గంగను ఈదిన కథను మన బడిపుస్తకాలు ఇష్టంగా చెబుతాయి. ఆయనను తీర్చిదిద్దింది మాత్రం పేదరికం కన్నా సంస్థలే. 1921లో సహాయ నిరాకరణ పిలుపు విని కాశీలో పదో తరగతి చదువు వదిలేశారు. ఆ ఏడాదే మొదలైన కాశీ విద్యాపీఠంలో చేరి, 1925లో శాస్త్రి పట్టా పొందారు. ఆపై లాలా లజపతిరాయ్ స్థాపించిన లోక్ సేవక్ మండల్ సభ్యుడిగా ముజఫర్‌నగర్‌లో అస్పృశ్యతా నివారణ పనిచేశారు.

తర్వాత అలహాబాద్. పురుషోత్తమ్‌దాస్ టండన్, నెహ్రూ ఇద్దరిదీ ఆ ఊరే, ఇద్దరి దారులూ వేరు. ఇద్దరి నమ్మకాన్నీ నిలుపుకుంటూ జిల్లా కాంగ్రెస్‌లో, పురపాలక మండలిలో ఏళ్లతరబడి పనిచేయడం చిన్న విద్య కాదు. నడుమ నడుమ జైలు. అన్నీ కలిపితే దాదాపు తొమ్మిదేళ్లు. 1947లో సంయుక్త రాష్ట్రాల (నేటి ఉత్తరప్రదేశ్) ప్రభుత్వాధినేత గోవింద వల్లభ పంత్ ఆయనకు పోలీసు, రవాణా శాఖలు ఇచ్చారు. 1951లో అఖిల భారత కాంగ్రెస్ ప్రధాన కార్యదర్శిగా ఢిల్లీ వెళ్లి, తొలి సార్వత్రిక ఎన్నికల్లో అభ్యర్థుల ఎంపిక, ప్రచారం బాధ్యతలు చూశారు. ఏ రాష్ట్రంలో ఎవరి బలమెంతో ఆయనకు తెలిసింది అప్పుడే. 1952లో రైల్వే మంత్రి అయ్యారు.

రాజీనామా కథను పుస్తకాలు ఒక్క ప్రమాదానికి కుదించేశాయి. క్రమం చూడాలి. 1954 సెప్టెంబరులో జనగామ దగ్గర వాగుమీది వంతెన కూలి రైలు పడిపోయినప్పుడు వందకు పైగా జనం చనిపోయారు; శాస్త్రి మంత్రిగానే కొనసాగారు. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ నడుమ మరో వంతెన కూలింది. మళ్లీ వందకు పైగా మరణాలు. ఆంధ్రప్రదేశ్ అవతరణకు అప్పటికి రెండు నెలలే ఉంది. ఈసారి శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర నూట నలభై మందికి పైగా చనిపోయాక ఇచ్చిన రాజీనామాను ఆమోదించారు. తప్పు శాస్త్రిది కాకపోయినా రాజ్యాంగ సంప్రదాయానికి ఇది మంచి ఉదాహరణ అవుతుందని నెహ్రూ పార్లమెంటులో చెప్పారు.

పదవి వదిలాక శాస్త్రి ఖాళీగా కూర్చోలేదు. 1957 ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి. మంత్రి పదవి లేని శాస్త్రి పార్టీ ఎన్నికల పనిలో దిగి, తానూ అలహాబాద్ నుంచి లోక్‌సభకు గెలిచి, కొన్ని నెలలకే మళ్లీ కేంద్ర మంత్రి అయ్యారు. కేంద్ర హోంమంత్రిగా ఉన్న పంత్ మరణానంతరం 1961లో ఆ శాఖ దక్కింది. సీనియర్ నేతలు పదవులు వదిలి పార్టీ పనికి మళ్లాలన్న కామరాజ్ పథకం కింద 1963లో దాన్నీ వదిలారు. రాజీనామా ఆయనను పెంచిందనడం సగం నిజమే. మంత్రి కుర్చీ దిగినా పార్టీలో పని ఉన్నవాడికే అది కలిసొచ్చింది.

తిరుపతి ఘట్టం ఇక్కడ కీలకం. 1963 అక్టోబరులో కామరాజ్, అతుల్య ఘోష్, నిజలింగప్ప, అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అక్కడ కలుసుకున్నారు. ఎదురుగా ఉన్న ప్రశ్న కాంగ్రెస్ అధ్యక్ష పదవి. దాని వెనక నెహ్రూ తర్వాత ఎవరన్న పెద్ద ప్రశ్న. మొరార్జీ దేశాయ్‌ని అడ్డుకోవాలన్నదాంట్లో వాళ్లది ఒకటే మాట. రాష్ట్రాల నాయకులకు పైనుంచి శాసించేవాడు కాక, మాట వినేవాడు కావాలి. హిందీ ప్రాంతంలో అలాంటివాడు శాస్త్రి. ఆయనకు సొంత ముఠా లేకపోవడం బలహీనత అనుకున్నవాళ్లున్నారు. ఈ లెక్కలో మాత్రం అదే ఆయన అర్హత.

కామరాజ్ అధ్యక్షుడయ్యారు. 1964 జనవరిలో భువనేశ్వర్‌లో నెహ్రూ జబ్బుపడగానే శాస్త్రి శాఖ లేని మంత్రిగా తిరిగొచ్చారు. మే 27న నెహ్రూ కన్నుమూశాక కామరాజ్ ఎంపీలనూ ముఖ్యమంత్రులనూ విడివిడిగా కలిసి అభిప్రాయం సేకరించారు. జూన్ 2న పార్లమెంటరీ పార్టీ శాస్త్రిని ఏకగ్రీవంగా నాయకుడిగా ఎన్నుకుంది. ఆ ప్రతిపాదనను బలపరిచింది మొరార్జీయే.

ఆ ఏడాది ఫిబ్రవరిలో, కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు దరిమిలా, తిరుపతి భేటీలో ఉన్న సంజీవరెడ్డి కూడా ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. జూన్ 9న ప్రమాణం చేసిన శాస్త్రి మంత్రివర్గంలో ఆయనకు ఉక్కు, గనుల శాఖ వచ్చింది.