మట్టిలో దొరికిన నాణెం – ఒక అమానత్



ఈ సంచిక కొరకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని పెద్దలు కోరినప్పుడు గోల్కొండ కోట గురించి వ్రాద్దామనుకున్నాను. ఇంతలో మా బడి పిల్లవాడొకడు "సార్, మెటల్ డిటెక్టర్ కొంటే పాత ఖజానా దొరుకుతుందా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నా చిన్నతనం గుర్తుకు వచ్చింది.

నాకు పదేళ్ళప్పుడు మా నానీ ఇంటి పాత మట్టిగోడ వానకు కూలింది. మట్టి ఎత్తుతుంటే ఒక చిన్న ముంత పగిలి ముప్పై దాకా రాగి నాణేలు బయటపడ్డాయి. అన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. నేను, మా మామూ కొడుకు కలిసి చింతపండు, ఇటుక పొడి వేసి సాయంత్రం దాకా తోమాము. తళతళ మెరిశాయి. మెచ్చుకుంటారని పళ్ళెంలో పోసి మా నానా ముందు పెట్టాము. ఆయనకు ఫార్సీ వచ్చును. ఒక్కొక్కటే కళ్ళజోడు దగ్గర పెట్టుకొని చూసి చూసి, చివరకు "బేటా, అక్షరాలన్నీ తోమేశారు గదరా!" అన్నారు. రెండు మూడింటి మీద "జర్బ్" అనే ఒక్క మాట మిగిలింది. ఎవరి కాలానివి, ఏ ఊరి టంకసాలవి, ఏ సంవత్సరానివి అన్న మూడు సంగతులూ పోయాయి. కొన్నాళ్ళకు ఆ నాణేలు తూకానికి వెళ్ళి ఇంటికి ఒక బిందె వచ్చింది. ఆ బిందె కూడా ఇప్పుడు లేదు.

మా నానా ఆ రోజు కోప్పడలేదు. కోప్పడి ఉంటే మరచిపోయేవాణ్ణేమో!

నాణెం ఏమి చెబుతుంది?

మన ప్రాంతంలో దొరికే పాత నాణేల మీద ఎక్కువగా ఫార్సీ లిపి ఉంటుంది. ఉర్దూ చదివే పిల్లలు కొంచెం ఓపిక పడితే దానిని చదవగలరు. "జర్బ్" అంటే ముద్రవేత. ఆ మాట ప్రక్కన టంకసాల ఊరి పేరు ఉంటుంది. "జులూస్" అనే మాట దగ్గర ఉండే అంకె పాదుషా గద్దెనెక్కి ఎన్నో ఏడో చెబుతుంది. హిజ్రీ సంవత్సరం వేరుగా ఉంటుంది. హిజ్రీ అంకెను 0.97తో హెచ్చవేసి 622 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది. ఉదాహరణకు 1321 హిజ్రీ అంటే 1903-04.

హైదరాబాదు నగరం పేరు కూడా నాణేల మీద మారుతూ వచ్చింది. కుతుబ్ షాహీల రాగి నాణేల మీద అది "దారుస్సల్తనత్". ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687లో గోల్కొండను పట్టుకొన్న పిమ్మట "దారుల్ జిహాద్". ఆసఫ్ జాహీల కాలంలో "ఫర్ఖుందా బునియాద్", అంటే శుభమైన పునాది గలది. ఏలిన వారు మారిన సంగతిని మన జేబులోని పైసాయే చెప్పేది.

నిజాములు 1857 వరకు ఢిల్లీ పాదుషా పేరుతోనే నాణేలు వేయించారు. నాసిరుద్దౌలా (1829-57) తన గుర్తుగా "నూన్" అనే ఒక్క అక్షరం వేయించుకున్నారు. ఢిల్లీ పాదుషాహీ పోయిన తరువాత నాణేల మీదికి ఆసఫ్ జాహ్ పేరు వచ్చింది. దానిపైన 92 అనే అంకె కనబడుతుంది. చాలామంది దీనిని సంవత్సరం అనుకొని పొరబడతారు. అది సంవత్సరం కాదు. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్ళీ మీమ్ 40, దాల్ 4, మొత్తం 92. అది మన ప్రవక్త ముహమ్మద్ (స) వారి పేరు! చార్మినార్ బొమ్మ గల నాణేలలో ద్వారం మధ్య "మీమ్" ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, "ఐన్" ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఇంతటి సంగతి గోరంత అక్షరంలో ఉన్నది. ఇటుక పొడికి అది ఎంతసేపు ఆగుతుంది?

మనం సొమ్ముకంతటికీ వాడే "డబ్బు" అనే మాట కూడా ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరే.

దొరికింది ఎవరిది?

ఇది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. భూమిలో దొరికిన పాత నిధిని షరీఅత్‌లో రికాజ్ అంటారు. అందులో ఐదవ వంతు బైతుల్ మాల్ హక్కు. అయితే హనఫీ ఫికహ్‌లో ఒక భేదం చెప్పారు. నాణెం మీద కలిమా వంటి ఇస్లామీ గుర్తు ఉంటే అది లుకతా, అంటే ఎవరో పోగొట్టుకున్న సొమ్ము. దానిని ప్రకటించి హక్కుదారుని వెదకాలి. ఇస్లాంకు ముందు కాలపు గుర్తు ఉంటే ఐదవ వంతు నియమం. గుర్తు తెలియకపోతే ఉలమాలలోనే అభిప్రాయభేదం ఉన్నది. అక్బర్, షాజహాన్ నాణేల మీద కలిమా ఉన్నది. అది కాళ్ళ క్రింద పడరాదని ఔరంగజేబు నాణేల మీద వేయించడం మాన్పించాడు. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, ఆలిమ్‌లను అడగండి. నేను చెప్పేదొక్కటే: నాణెం మీది వ్రాతే సాక్షి. సాక్షి నోరు నొక్కి తీర్పు అడగరాదు.

దేశపు చట్టమూ ఉన్నది. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దాగిన పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విచారణలో హక్కుదారులు లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవానికి మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకు ఐదవ వంతు కలిపి చెల్లించాలి. భయపడి రాత్రికి రాత్రే కరిగించేవారు ఈ సంగతి తెలియక నష్టపోతున్నారు. మా నానీ ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

ఇక యంత్రం సంగతి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా త్రవ్వడం నేరం. గోరీల దగ్గర, దర్గాల దగ్గర గడ్డపార వేయడం ఏ యంత్రం పలికినా మనకు తగని పని. పైగా నాణేన్ని మట్టిలోంచి పెరికితే అది ఏ పొరలో, ఏ ముంతలో, దేని ప్రక్కన ఉన్నదో ఆ లెక్క పోతుంది. కుప్పలోని అన్నిటికన్నా కొత్త నాణెమే దానిని ఎప్పుడు దాచారో చెబుతుంది. పది మంది పంచుకుంటే ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది? కరీంనగర్ ప్రాంతపు కోటిలింగాలలో దొరికిన నాణేల వల్లనే శాతవాహనుల తొలి రాజు సిముకుడి పేరు తెలంగాణ గడ్డమీద కనబడింది. వాటిని కరిగించి ఉంటే ఆ ముక్క చరిత్రలోకి వచ్చేది కాదు.

ఇంట్లో ఉన్నవాటికి ఏమి చేయాలి?

భూమిలో కుప్పగా దొరికితే అసలు శుభ్రం చేయరాదు. ముంత పెంకులతో సహా అప్పగించాలి. పెద్దల నుండి వచ్చిన నాణేలకు మాత్రం ఈ జాగ్రత్తలు చాలు.

చింతపండు, నిమ్మకాయ, బూడిద, తేజాబ్, ఇత్తడి పాలిష్ ఏవీ వద్దు. రాగి మీది పచ్చని పొర బయటి మురికి కాదు, ఆ లోహమే మారి అట్లా అయింది. అరిగిన నాణెంలో అక్షరం చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటుంది. పులుసు దానిని కరిగిస్తుంది. వెండి మీది నలుపునూ వదిలివేయండి. మట్టి అంటుకొని ఉంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, మెత్తని బ్రష్షుతో తీయండి. గుడ్డతో అద్దండి, రుద్దకండి. లేత పచ్చని పొడి మళ్ళీ మళ్ళీ రాలుతుంటే అది ఉప్పు వల్ల వచ్చే జబ్బు. ఆ నాణేన్ని వేరుచేసి, పొడిగా ఉంచి, మ్యూజియం వారికి చూపించండి. మెత్తని ప్లాస్టిక్ సంచులు వద్దు, కాగితపు కవరు మేలు. కవరు మీద అది ఎవరి నుండి వచ్చిందో, ఏ ఊరిదో వ్రాయండి. ఆ రెండు పంక్తులు లేకపోతే మీ మనుమలకు అది ఒట్టి రాగి ముక్క.

చివరగా సంఘానికి ఒక మనవి. వచ్చే వార్షిక సమావేశం రోజున ఒక బల్ల వేయించండి. ఇళ్ళలో ఉన్న పాత పైసలు, రూపాయలు తోమకుండా తీసుకురండి. మా పిల్లల చేత వాటిని చదివిస్తాను, పేరూ సంవత్సరమూ వ్రాయిస్తాను, ఎవరివి వారికే ఇచ్చివేస్తాము. ఫార్సీ చదివే బుజుర్గులు కొద్దిమందే మిగిలారు. వారు కూడా ఆ బల్ల దగ్గర కూర్చోవాలని నా కోరిక.

మా నానాకు చూపించలేకపోయిన అక్షరాలను మీ ఇంటి నాణేల మీదనైనా పిల్లలు చదవాలి. అల్లాహ్ మనకు ఆ తౌఫీక్ ప్రసాదించుగాక! ఆమీన్.