పెత్తనము లేని పెద్దరికము



మన పల్నాటి పల్లెలనుండి హైదరాబాదునకు పోయి కంప్యూటరు కొలువులు చేయు బిడ్డలలో కొందఱు తాము ‘స్క్రమ్ మాస్టరు’లమని చెప్పుదురు. అది మేస్త్రీపనియా, కరణీకమా యని పెద్దలకు సందేహము కలుగుట సహజము. రెండును కాదు. పేరు క్రొత్తదే గాని, ఆ పనిలోని చిక్కు మన చరిత్రకు పాతదని నా తలంపు.

రగ్బీ యను బంతియాటలో ఆటగాండ్రు భుజమునకు భుజము చేర్చి, తలలు వంచి, ఒక్క గుంపుగా త్రోయుదురు. దానికి స్క్రమ్మని పేరు. 1986లో జపానుదేశపు పండితులు టకెయుచి, నొనాకాలు క్రొత్త వస్తువులను త్వరగా రూపొందించు సంస్థలను పరిశీలించి, వానియందలి జట్టులు ఈ ఆటగాండ్రవలె కలసి నడచుచున్నవని వ్రాసిరి. 1993లో అమెరికాలో జెఫ్ సదర్లాండు ఆ తెఱగును కంప్యూటరు పనికి పట్టించెను. 1995లో కెన్ ష్వేబరుతో గూడి దానిని విద్వత్సభలో వివరించెను.

ఈ పద్ధతిలో జట్టు సాధారణముగా పదిమందికి మించదు. నెలకు మించని గడువు పెట్టుకొని, అది తీరునాటికి అక్కఱకు వచ్చు పనిని చేసి చూపుదురు. ప్రతిదినము పదునైదు నిమిషములు కూడి పని నడక చూచుకొందురు. ఎవరేమి చేయవలెనో స్క్రమ్ మాస్టరు ఆజ్ఞాపింపడు. అది జట్టువారే నిర్ణయించుకొందురు. దారిలోని అడ్డంకులను తొలగించుట, ఏర్పఱచుకొన్న నియమము తప్పకుండ కాచుట, జట్టు తన కాళ్లపై తాను నిలుచునట్లు చేయుట ఆయన వంతు. అతడు సేవచేయు నాయకుడు. కావున నాయకుడు ఎదుట లేనినాడు పని సాగునా యనునదే ఆ పెద్దరికమునకు పరీక్ష.

ఈ పరీక్షను మన గుంటూరు మండలము 1921లో రెండు తావుల నెదుర్కొనెను.

1919లో ప్రభుత్వము చీరాల పేరాలలను కలిపి పురపాలక సంఘము చేయగా పన్నుల భారము పెరిగెను. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనము ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొనిరి. ఆయన కూర్చిన రామదండు ఆజ్ఞలిచ్చుటకు గాక సేవకై పుట్టిన దండు. పదునొకండు మాసము లా జనము ఓర్చిరి. కాని గోపాలకృష్ణయ్యగారిని నిర్బంధించి శిక్షించిన పిమ్మట ధనమును, ధైర్యమును కూర్చువారు కఱవై, ఉద్యమము సన్నగిల్లెను. జనము తిరిగి ఇండ్లు చేరిరి. అంతటి త్యాగము ఒక్క స్తంభముపై నిలిచియుండెను.

ఆ సంవత్సరమే మన పల్నాట పుల్లరి పోరాటము. నల్లమల యంచున నున్న వెల్దుర్తి పెద్దలకు పుల్లరి యననేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. అడవిలో పశువులను మేపుకొనుటకు చెల్లింపవలసిన ఆ పన్నును రైతులు నిరాకరించి, అటవీ ఉద్యోగులను సంఘమునుండి వెలివేసిరి. సంగతులు విచారింపవచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని, వేదాంతము నరసింహాచార్యులుగారిని ప్రభుత్వము నిర్బంధించెను. అయినను పల్లెలలో ప్రతిఘటన చల్లారలేదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు చెంత కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియగువఱకు సాగెను.

ఈ భేదమునకు నాకు తోచిన కారణ మిది. పల్నాట ఉద్యమము వచ్చిన నాయకులది గాదు. పశువుగల ప్రతి యింటిది. కష్టమును వారిదే, నిశ్చయమును వారిదే. కావున తలను పట్టినను మొండెము పడలేదు. అట్లని గోపాలకృష్ణయ్యగారిని నేను తక్కువ చేయుట లేదు. ఊరికి ఊరిని కదలించుట సామాన్యమా? కాని కదలించుట యొక విద్య, తాను తొలగినను నడచునట్లు నేర్పుట మఱియొక విద్య. రెండవదానినే నేడు మన బిడ్డలు కొలువుగా నేర్చుచున్నారు.

ఆ విద్య పట్టణములకే పరిమితము కానక్కఱలేదు. పంచాయతీలోనైనను, నీటిసంఘములోనైనను పెద్దమనిషి “ఇట్లు చేయుడు” అనుటకు ముందు, “మీ పనికి అడ్డేమి?” అని యడిగి, ఆ యడ్డును తొలగించి ప్రక్కకు నిలిచిన మేలు. ఆయన వారము దినములు ఊరిలో లేకున్నను కాలువ పూడిక సాగినచో, ఆ పెద్దరికము ఫలించినట్లే.