ఒక పూట స్పానిష్, ఒక పూట ఇంగ్లీషు

1954లో టెక్సస్ రాష్ట్రంలోని మార్ఫా అనే చిన్న పట్టణంలో ఒక భాషకు అంత్యక్రియలు చేశారు. బ్లాక్‌వెల్ బడిలో చదువుకునేది మెక్సికన్ కుటుంబాల పిల్లలు. ఇకపై బడిలో స్పానిష్ మాట్లాడబోమని వాళ్ల చేత చీటీలు రాయించి, వాటిని ఒక పెట్టెలో వేయించి, జెండా స్తంభం దగ్గర గుంట తీసి పూడ్పించారు. ఆ తంతుకు 'మిస్టర్ స్పానిష్' ఖననం అని పేరు. నోరు జారి స్పానిష్ మాట్లాడిన పిల్లలకు చెక్క బద్దతో దెబ్బలు పడేవి.

తెలుగువాళ్లు దీన్ని ఎక్కడో జరిగిన వింతగా చదవలేరు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడి, ఇక తెలుగులో మాట్లాడనని రాసిన పలకలను పిల్లల మెడలో వేలాడదీసింది. మధ్యలో యాభై అయిదేళ్లు గడిచినా శిక్ష వెనకున్న ఆలోచన ఒక్కటే.

టెక్సస్ 1836 దాకా మెక్సికోలో భాగం. అక్కడ ఇంగ్లీషు కన్నా ముందు నుంచీ ఉన్నది స్పానిషే. అయినా 1918లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం ఇంగ్లీషులో తప్ప మరో భాషలో పాఠం చెప్పడం టీచరుకు నేరమైంది. పక్కనే ఉన్న న్యూమెక్సికో అప్పటికే దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. స్పానిష్ మాట్లాడే పిల్లలకు చదువు చెప్పేలా టీచర్లకు రెండు భాషల్లోనూ శిక్షణ ఇవ్వాలని 1912 నాటి తన రాజ్యాంగంలోనే రాసుకుంది. టెక్సస్ బడుల్లో దెబ్బలు తిన్నవాళ్లలో చాలామంది తల్లిదండ్రులయ్యాక, తమ పిల్లలకు ఆ బాధ వద్దనుకుని, వాళ్లతో ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడారు. బద్దతో కొట్టిన దెబ్బ తర్వాతి తరానికీ తగిలింది.

మలుపు మయామీలో వచ్చింది. 1959లో ఫిడెల్ కాస్ట్రో అధికారానికి రాగానే క్యూబా నుంచి వేలాది కుటుంబాలు ఫ్లోరిడాకు తరలివచ్చాయి. 1960 డిసెంబరు నుంచి 1962 అక్టోబరు దాకా 14,000 మందికి పైగా పిల్లలు తల్లిదండ్రులు వెంట లేకుండానే విమానాల్లో వచ్చి దిగారు. దీన్నే ఆపరేషన్ పెడ్రో పాన్ అన్నారు. తొలి విడతల్లో వచ్చినవాళ్లలో డాక్టర్లు, లాయర్లు, బడిపంతుళ్లు ఎక్కువ. కొద్ది రోజుల్లో తిరిగి వెళ్లిపోతామన్నది వాళ్ల నమ్మకం. వెళ్లాక హవానాలో చదవాల్సిన పిల్లలకు స్పానిష్ పోకూడదు, ఇక్కడున్నన్నాళ్లూ ఇంగ్లీషూ రావాలి.

1963 సెప్టెంబరులో మయామీలోని కోరల్ వే ప్రాథమిక పాఠశాల ఈ అవసరాన్ని తలకెత్తుకుంది. డబ్బు ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చింది. ప్యూర్టోరికోలో ఇంగ్లీషు బోధనలో చేయి తిరిగిన పౌలీన్ రోహాస్, రాల్ఫ్ రాబినెట్ ప్రణాళిక గీశారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు సిన్సినాటి లాంటి ఊళ్లలో జర్మన్-ఇంగ్లీషు బడులు నడిచి, యుద్ధంతో పోయిన మాట నిజమే. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ బడుల్లో మళ్లీ రెండు భాషల చదువుకు దారి వేసింది కోరల్ వేనే.

అక్కడి రోజు ఎలా నడిచేదో చూస్తే అసలు విషయం తెలుస్తుంది. పొద్దున పిల్లలు తమ తమ మాతృభాషలో పాఠాలు వినేవాళ్లు. మధ్యాహ్నం అవే విషయాలను రెండో భాషలో మళ్లీ గట్టిపరుచుకునేవాళ్లు. భోజనం, పాట, బొమ్మలు, ఆట అందరికీ కలిపే. స్పానిష్ తరగతులు తీసుకున్నది దేశం విడిచి వచ్చిన క్యూబన్ టీచర్లు. వాళ్లూ అమెరికన్ టీచర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పాఠాలు కలిపి సిద్ధం చేసుకునేవాళ్లు. క్యూబన్ పిల్లలు ఇంగ్లీషు నేర్చుకుంటున్నట్టే అమెరికన్ పిల్లలు స్పానిష్ నేర్చుకున్నారు. అంటే అక్కడ స్పానిష్ వెనకబడ్డవాళ్లకు వేసే మందు కాలేదు, అందరూ చదవాల్సిన పాఠమైంది. ఒక పూట స్పానిష్‌కు పోయినా పిల్లల ఇంగ్లీషు దెబ్బతినలేదని పరీక్షల్లో తేలింది.

ఈ ఫలితం వాషింగ్టన్ దాకా వెళ్లింది. టెక్సస్ సెనేటర్ రాల్ఫ్ యార్‌బరో తెచ్చిన ద్విభాషా విద్యా చట్టంపై 1968 జనవరి 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు కోటుల్లా అనే ఊళ్లో మెక్సికన్ పిల్లలకు పాఠం చెప్పిన మనిషి ఆయన. మంచి పనే, కానీ చట్టంలో ఒక లోటు ఉంది. నిధులను పేద కుటుంబాల్లోని, ఇంగ్లీషు సరిగా రాని పిల్లల కోసం కేటాయించారు. దాంతో చాలాచోట్ల ఇంగ్లీషు రాగానే స్పానిష్‌ను వదిలేసే మెట్టుగానే ఆ తరగతులు మిగిలాయి. కోరల్ వే కొనసాగడానికి కారణమైన సమాన హోదా మాత్రం వాటికి దక్కలేదు.

తర్వాత ఎదురుదెబ్బలూ తగిలాయి. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 227తో ద్విభాషా తరగతులను చాలావరకు మూయించారు. అదే రాష్ట్రం 2016లో ప్రతిపాదన 58తో వాటికి మళ్లీ తలుపు తీసింది. మధ్యలోని పద్దెనిమిదేళ్లలో బడికి వచ్చి వెళ్లిపోయిన పిల్లలకు ఆ కాలాన్ని తిరిగి ఇచ్చేవాళ్లు లేరు.

బడి ఒక్కటే అన్నీ చేసేస్తుందనుకోవడమూ పొరపాటే. షికాగోలో 1975లో మొదలైన ఇంటర్-అమెరికన్ బడి రెండు భాషల బోధనకు పేరుపడ్డది. అక్కడి అయిదో తరగతి పిల్లలను దగ్గరగా గమనించిన భాషావేత్త కిమ్ పొటౌస్కీ 2007లో పుస్తకం ప్రచురించారు. టీచరుతో స్పానిష్‌లో మాట్లాడే పిల్లలు తమలో తాము ఎక్కువగా ఇంగ్లీషులోకే మళ్లుతున్నారని అందులో తేలింది. బడి రోజులో పెద్ద భాగం ఇచ్చిన చోటే ఇలా ఉంటే, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వారాంతంలో రెండు గంటల తెలుగు తరగతికి పిల్లల్ని దించి వచ్చే తల్లిదండ్రులు ఆ తరగతి మీదే భారమంతా వేయకూడదు. అన్నం దగ్గర, కార్లో, అమ్మమ్మతో వీడియో కాల్లో పిల్లలతో తెలుగులో మాట్లాడే పని ఇంటివాళ్లదే.

కోరల్ వే ఇప్పుడు ఎనిమిదో తరగతి దాకా పెరిగింది. అక్కడ ఇప్పటికీ రెండు భాషల్లో పాఠాలు చెబుతున్నారు.