ప్రాచీన ఇరాను మృణ్మయపాత్రలు: మన చరిత్రకారులకు కొన్ని సూచనలు

గోదావరీ మండల చరిత్రను వ్రాసినవారు శాసనములను వెదకినంత శ్రద్ధతో కుండపెంకులను వెదకలేదు. శాసనము తన కాలమును తానే చెప్పును, పెంకు చెప్పదు. 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి నెలకొన్నది మొదలు తామ్రశాసనముల ప్రకటన విరివిగా సాగినది. మట్టిపాత్రలకు అట్టి గౌరవము లభింపలేదు. ఇరాను దేశపు పాత్రలు ప్రదర్శనశాలలలో పొందిన స్థానమును పరిశీలించినచో ఈ లోటు ఎంతటిదో తెలియగలదు.

ఈ పాత్రలలో మిక్కిలి ప్రసిద్ధములైనవి సూసానగరపు శ్మశానమున లభించినవి. 1897లో ఫ్రెంచివారైన జాక్ ద మోర్గాన్ అచ్చట త్రవ్వకములు ప్రారంభించెను. నేడు పారిస్ నగరమున లూవ్రు ప్రదర్శనశాలలోనున్న పొడవైన పాత్ర యొకటి సుమారు 29 సెంటీమీటర్ల యెత్తు కలది, క్రీ.పూ. 4000 ప్రాంతమునాటిది. దానిపై కొండమేక కొమ్ములు వెనుకకు వంగి పూర్ణవృత్తమైనవి. మేక దేహము రెండు త్రికోణములు మాత్రమే. పైవరుసలో పొడవు మెడల పక్షులు, వాని క్రింద పరుగిడు కుక్కలు. లిపి యింకను పుట్టని కాలమున, నేటి కుమ్మరిసారె వంటి వేగము గల సాధనము లేకయే, ఇంత పలుచని గోడలను నిలిపిన పనివాని నేర్పు ఆశ్చర్యకరము. కాషాను సమీపమున సియాల్కు దిబ్బను 1933-37 మధ్య త్రవ్వించిన గిర్ష్‌మాన్, పొరవెంట పొరగా పాత్రల మార్పును గుర్తించి, చేతిపని సారెపనిగా పరిణమించిన క్రమమును చూపగలిగెను. పొర తెలిసినందుననే యిది సాధ్యమైనది.

పొర తెలియని పాత్రల గతి వేరు. కాస్పియన్ సముద్రతీరమునకు చేరువనున్న మార్లిక్ దిబ్బపై 1961-62లో నెగహ్‌బాన్ 53 సమాధులను త్రవ్వించెను. ఎఱ్ఱగా మెఱుగుపెట్టిన మూపురపుటెద్దు పాత్రలు అచ్చట లభించినవి. మూతి నుండియే ద్రవము జారును. మన ఒంగోలు గిత్తనెఱిగినవారికి ఆ మూపురము పరిచితమే. మూపురపు పశువులు సింధుప్రాంతమున మచ్చికయైన జాతియగుటచే, ఈ పాత్రను చూచి భారతసంబంధము నూహింప మనసు తొందరపడును. కాని పశువులు వచ్చుట వేరు, పాత్రల రీతి వచ్చుట వేరు. ఇట్టి పాత్రలకు ధర పెరుగగానే దొంగత్రవ్వకములు హెచ్చినవి, కూటపాత్రలును పుట్టినవి. ఉష్ణదీప్తి పరీక్షలో కొన్ని నవీనములని తేలినవి. వాషింగ్టనులో 1987లో తెరువబడిన సాక్లరు ప్రదర్శనశాలయు ప్రాచీన ఇరాను పాత్రలను చూపినది. అట్టి సంగ్రహములలో అందమైన పాత్ర యెదుట నిలిచినపుడు మొదట అడుగవలసినది దాని వయస్సు కాదు, అది దొరికిన చోటు.

ఇరాను పాత్రలు భారతసముద్రమును దాటివచ్చినమాట నిశ్చయము. నీలహరితపు పూత గల పార్థియ-ససానీయ పాత్రల పెంకులు కేరళమున పట్టణముననూ, సింహళముననూ లభించినవి. మన తీరమున తరువాతి కాలపు సంబంధములకు సాక్ష్యములు వేరు విధములవి. రాజమహేంద్రవరపు మసీదులో 1324 నాటి పారసీక శాసనము కలదు. 17వ శతాబ్దిలో మచిలీపట్టణపు ఓడలు బందరు అబ్బాసుకు వస్త్రములను కొనిపోయెడివి. నరసాపురమున ఓడలను కట్టెడివారు. వేసవిలో మన యిండ్ల నీరుంచు కూజా పేరు పారసీకమే. మట్టి మాత్రము ఈ నేలదే. అయినను పేరును బట్టి పాత్ర వలసవచ్చినదనుట సాహసము. నీళ్లకుండ ఆ మాటకంటె ఎంతో ముందే యిచ్చట కలదు.

డెల్టాలో పాతనేల ఒండ్రుమట్టి క్రింద లోతున నున్నది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు, నేడు చేపలచెరువులు ఆ నేలను తెఱచుచున్నవి. వెలువడిన పెంకు ఏ గ్రామమున, ఎంత లోతున, ఏ మట్టిలో దొరికెనో వ్రాసియుంచుట అరుదు. రాజమహేంద్రవర ప్రదర్శనశాలకు చేరునది తఱచుగా చెక్కుచెదరని పాత్రయే. పగిలిన పెంకులను లోతుతోగూడ నమోదు చేయుపని విశ్వవిద్యాలయ విద్యార్థులు సెలవుదినములలో చేయదగినదని మా అభిప్రాయము. దానికి కావలసినవి కొలబద్ద, గోనెసంచి, చీటీలు.