పాత కారు పొద్దున స్టార్ట్ కాకపోతే: బ్యాటరీ మార్చే ముందు చూడవలసినవి

మనవాళ్ళ ఇళ్ళలో పాత కార్లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. బరంపురంలో మా సంఘం సభ్యుల్లోనే మారుతి 800 ఉన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. 15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకుని, మళ్ళీ 5 ఏళ్ళకొకసారి ఆ పని చేసుకుంటూ నడుపుకుంటున్నారు. ఇంజను బాగానే ఉంటుంది. ఇబ్బంది పెట్టేది కరెంటు. ఈ వ్యాసం దాని గురించే.

మా సొంత అనుభవం ముందు చెబుతాము. మాది కార్బురేటర్ మోడల్ 800. వారానికి రెండుసార్లు తీస్తాము, రాత్రివేళ ఎవరికైనా బాగోలేకపోతే ఆసుపత్రికీ అదే. ఒక రాత్రి మా వీధిలోని ఒక పెద్దావిడకు ఆయాసం వచ్చింది. తాళం తిప్పితే కారు టిక్కుమని ఊరుకుంది. నలుగురం తోసి స్టార్ట్ చేశాము. ఆవిడ క్షేమంగానే ఇంటికి వచ్చారు, కానీ ఆ పది నిమిషాలు మాకు ఇప్పటికీ గుర్తు. విషయమేమంటే, ఆ బ్యాటరీ కొని నాలుగు నెలలే అయింది. అంతకుముందుదీ ఇలాగే పోయిందని ఆటో ఎలక్ట్రీషియన్ కొత్తది వేశాడు. ఈసారీ అదే మాట అన్నాడు.

సంఘంలోనే రైల్వే సిగ్నల్ విభాగంలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన నవ్వి, "గుమస్తా గారూ, లెడ్జరు టాలీ కాకపోతే కొత్త లెడ్జరు కొంటారా? పైసలు ఎక్కడ తేడా వచ్చాయో వెతుకుతారు కదా" అన్నారు. మర్నాడు మల్టీమీటరు పట్టుకుని వచ్చారు. కొన్ని వందల రూపాయలకు దొరికే మామూలు మీటరే. ఆ రోజు నుంచి కొలతలన్నీ తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాస్తున్నాము. కింద చెప్పేది అందులోంచే.

మొదటి కొలత బ్యాటరీ మీద. కారు ఆపి కొన్ని గంటలు వదిలేశాక, మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి రెండు టెర్మినళ్ళ మధ్య చూడాలి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. ఇంజను ఆపిన వెంటనే చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మవద్దు. తరవాత ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు మీటరు చూడాలి. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనపడింది, లేదా చార్జింగ్ అయినా లేదు. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. 13 దాటకపోతే చార్జింగ్ జరగడం లేదు. ముందు బెల్టు వదులుగా ఉందేమో చూసి, ఆ తరవాత డైనమో మీద అనుమానపడాలి. (మన షాపుల్లో ఆల్టర్నేటర్‌ను కూడా డైనమో అనే అంటారు, మేమూ అలాగే రాస్తున్నాము.) 15 దాటితే రెగ్యులేటర్ చెడింది. బ్యాటరీలో నీళ్ళు మరిగి ఆరిపోతాయి.

ఇక్కడొక హెచ్చరిక. డైనమో పనిచేస్తోందో లేదో చూడటానికి కొందరు మెకానిక్కులు ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకేస్తారు. ఇంజను ఆగకపోతే డైనమో బాగున్నట్టని వాళ్ళ లెక్క. ఎవరైనా మీ కారుకు అలా చేయబోతే ఆపండి. ఒక్కసారిగా వోల్టేజీ ఎగిరి డైనమోలోని డయోడ్లు పోవచ్చు, ఇంజెక్షన్ కార్లలోనైతే కంప్యూటరు కూడా. పది రూపాయల పరీక్షకు వేల రూపాయల నష్టం.

మా బ్యాటరీ చార్జింగ్ సరిగానే ఉంది. అంటే పగలు నింపుతున్నది రాత్రి ఎక్కడో కారిపోతోంది. ఆ కారడాన్ని కొలవాలి.

తాళం తీసేసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. ఎప్పుడైనా ముందు విప్పేది నెగటివ్, చివర బిగించేది కూడా నెగటివే. పాజిటివ్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్లోకి మార్చి, మీటరును ఆంపియర్లలో పెట్టి, నల్ల ముల్లును బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ, ఎర్ర ముల్లును విప్పిన వైరుకూ ఆనించాలి. ఇప్పుడు కారు తాగే కరెంటంతా మీటరులోంచే పోతుంది. ఈ స్థితిలో తాళం తిప్పనే కూడదు. సెల్ఫ్ వంద ఆంపియర్లకు పైగానే లాగుతుంది, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. కొలిచాక ఎర్ర వైరును మళ్ళీ వోల్టుల సాకెట్లోకి మార్చడం మరవకండి. మేము మరిచి ఒక ఫ్యూజు కొనుక్కున్నాము.

కార్బురేటర్ కారులో గడియారానికీ, రేడియో జ్ఞాపకానికీ కలిపి 0.02, 0.03 ఆంపియరు చాలు. ఇంజెక్షన్ కార్లలో కొన్ని నిమిషాలు ఆగి చూస్తే 0.05 లోపు ఉండాలి. మా కారు 0.42 చూపింది. రోజుకు 10 ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీ మొత్తం 35. రెండు రోజుల్లో సగానికి పైగా పోతుంది, ఇక సెల్ఫ్ ఎక్కడ తిరుగుతుంది?

తరవాత ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకుతూ మీటరు చూశాము. తలుపు తెరిస్తే లోపలి దీపం వెలిగి లెక్క తప్పుతుంది కాబట్టి తలుపు స్విచ్చును నొక్కి పట్టుకోవడానికి మనవణ్ణి కూర్చోబెట్టాము. నాలుగో ఫ్యూజు పీకగానే 0.42 కాస్తా 0.02 అయింది. దాని మీద లోపలి దీపం, పాటల సెట్టు రెండూ ఉన్నాయి. 5 వాట్ల బల్బు కూడా సరిగ్గా 0.4 ఆంపియరే తాగుతుంది కాబట్టి, మేము దీపమేనని తీర్మానించేశాము. బల్బు తీసి చూస్తే అంకె కదలలేదు. పాటల సెట్టు ప్లగ్గు ఊడదీస్తే పడిపోయింది.

సెట్టు వెనక సాధారణంగా ఎర్రది, పసుపుది అని రెండు వైర్లుంటాయి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండేచోట, ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు వచ్చేచోట కలపాలి. బిగించినవాడు రెండింటినీ కలిపి మెలిపెట్టి, శాశ్వత కరెంటుకు ఇచ్చేశాడు. సెట్టు రాత్రంతా మేలుకునే ఉంది. ఎర్ర వైరు విడదీసి తాళం వైపు కలపగానే సరిపోయింది. రెండు బ్యాటరీల డబ్బు ఒక మెలిక వైరులో పోయింది. పాత కారులో దొంగ దొరకకపోతే, తరవాత బిగించినవాటినే ముందు చూడండి: పాటల సెట్టు, రివర్స్ హారన్, అదనపు లైట్లు, సెంట్రల్ లాక్.

ఫ్యూజులన్నీ పీకినా కరెంటు తగ్గకపోతే ఫ్యూజు పెట్టె దాటి పోయే లావు వైర్లను అనుమానించాలి. ముఖ్యంగా డైనమో. అందులో డయోడు లీకైతే రాత్రంతా కరెంటు వెనక్కి పారుతుంది. నెగటివ్ విప్పాకే డైనమో లావు వైరు ఊడదీసి, దాని కొస బాడీకి తగలకుండా గుడ్డ చుట్టి, మళ్ళీ కొలిస్తే తెలిసిపోతుంది.

ఇంతా చేశాక కూడా మా సెల్ఫ్ నీరసంగానే తిరిగింది. కారణం ఎర్త్. యానాం, కాకినాడ, గంజాం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఈ రోగం మరీ ఎక్కువ. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే జడలాంటి ఎర్త్ పట్టీ ఉప్పుపట్టి పచ్చగా మారిపోతుంది. చూపుకు బిగువుగానే ఉంటుంది. దీన్ని పట్టడానికి మీటరును వోల్టుల్లో పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను లోహం మీద ఆనించి సెల్ఫ్ కొట్టాలి. 0.2 వోల్టు దాటకూడదు. మాది 0.9 వచ్చింది. పట్టీ విప్పి, రెండు కొసలూ, బాడీ మీద బోల్టు కూర్చునే చోటూ ఉప్పుకాగితంతో మెరిసేదాకా గీకి బిగించాక 0.1 కి దిగింది. లైట్లు మసకగా ఉన్నా, ఒక ఇండికేటర్ వేస్తే ఇంకొకటి మినుకుమన్నా ఎర్త్‌నే ముందు చూడాలి.

టెర్మినళ్ళ మీద తెల్లపొడి పేరుకుంటే వేడినీళ్ళలో తినే సోడా కలిపి కడగాలి, సెల్లుల మూతలు మాత్రం గట్టిగా బిగించి ఉండాలి. ఆరాక బిగించి పైన వాసెలిన్ రాయాలి. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్టు వద్దు. చార్జింగులో వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్ళు మన పెద్దల్లో ఉన్నారు. తెలిసినవాళ్ళే ఇలా చేస్తుంటే మాకు కోపం వస్తుంది. ఫ్యూజు పోయిందంటే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోందని అర్థం. వెండి కాగితం కాలదు, వైరు కాలుతుంది, దానితో పాటు కారూ. బ్లేడు ఫ్యూజుల్లో 10 ఆంపియర్లది ఎరుపు, 15 ది నీలం, 20 ది పసుపు, 30 ది ఆకుపచ్చ. ఏ రంగు తీశారో అదే రంగు పెట్టండి. పాత ఫియట్, అంబాసిడర్ ఉన్నవాళ్ళు ఫ్యూజును పట్టుకునే రేకుల తుప్పు కూడా గీకాలి.

అర్ధరాత్రి పక్కింటి కారుతో జంపర్ వైర్లు వేయవలసి వస్తే వరస ఇది: ఎర్ర వైరు ముందు మన పాజిటివ్‌కు, రెండో కొస వాళ్ళ పాజిటివ్‌కు. నల్లది వాళ్ళ నెగటివ్‌కు, చివరి కొస మన ఇంజను లోహానికి, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు ఇదే వరస వెనక నుంచి.

మా డిక్కీలో ఇప్పుడు ఆ జంపర్ వైర్లు, మీటరు, నాలుగు రంగుల ఫ్యూజులు ఉంటాయి. నోటుబుక్కు కూడా అక్కడే. నెలకోసారి రాసే అంకె ఈ నెల 12.5. ఆ పెద్దావిడ ఇప్పటికీ కారెక్కే ముందు "అయ్యా, ఇవాళ తొయ్యక్కర్లేదు కదా?" అని అడుగుతూనే ఉన్నారు.