అరువు పద్దు

మా నాన్న కొట్టు మూసేసిన రోజు ఇంటికి తెచ్చుకున్నవి మూడే: కాటా, గల్లాపెట్టె, అరువు పద్దు పుస్తకాలు. కాటా ఎవరికో ఇచ్చేశాడు. గల్లాపెట్టెలో ఇప్పుడు బీపీ మాత్రలు పెట్టుకుంటున్నాడు. పుస్తకాలు మాత్రం బీరువా మీదే ఉన్నాయి. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు వాటిని దింపి, దుమ్ము దులిపి చదివాను. 1991 నుంచి 2018 దాకా, ఏలూరుకి దక్షిణంగా కొల్లేటి ఒడ్డున ఉన్న ఒక లంక ఊరి చరిత్ర అది. రాజుల పేర్లు లేవు. కందిపప్పు అరకిలో, కొబ్బరినూనె సీసా, బెల్లం, బీడీ కట్టలు. కొన్ని పేర్ల పక్కన చిన్న అక్షరాల్లో "పట్టుబడికి ఇస్తాడు" అని ఉంటుంది. చెరువులో చేపలు పట్టినప్పుడు కూలి డబ్బులొస్తాయి, అప్పుడు తీరుస్తాడని.

ఆ కొట్టు ఎందుకు పోయిందని ఎవరైనా అడిగితే "ఏముంది, టౌన్లో పెద్ద కొట్లొచ్చాయిగా" అనేసేవాణ్ణి. పద్దులు చదివాక ఆ జవాబు సగమే అనిపించింది. పెద్ద కొట్టు తక్కువ ధరకి అమ్మింది, జనం అటు వెళ్లారు, నిజమే. కానీ ఎవరు వెళ్లారు, ఎవరు వెళ్లలేకపోయారు అన్నదాంట్లోనే అసలు కథ ఉంది.

*

నాన్న పద్నాలుగో ఏట ఏలూరు వన్ టౌన్లో ఒక హోల్‌సేల్ పచారీ కొట్లో గుమాస్తాగా చేరాడు. గుమాస్తాలకి పనిగంటలు, వారానికో సెలవు ఉండాలని 1947 నాటి మద్రాసు దుకాణాల చట్టం నుంచీ రాసే ఉంది. 1988లో ఆంధ్రప్రదేశ్ కొత్త చట్టం కూడా చేసుకుంది. నాన్న మాత్రం పొద్దున షట్టరు ఎత్తితే రాత్రి షట్టరు దించేదాకా అక్కడే. జీతం చాలా తక్కువ. పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు. పాత కొట్ల గురించి మనవాళ్లు కాస్త కన్నీళ్లు పెట్టుకుని రాస్తుంటారు గానీ, గుమాస్తా వైపు నుంచి చూస్తే అదేమీ స్వర్ణయుగం కాదు.

అయితే ఆ జీతంలో డబ్బు కాని భాగం ఒకటుండేది. పప్పు గుప్పిట్లోకి తీసుకుని కొత్తదో పాతదో చెప్పడం, ఏ ఊరి వ్యాపారి మాట మీద నిలబడతాడో తెలుసుకోవడం, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కర్నూలు సరుకు ఎప్పుడు దిగుతుందో కనిపెట్టడం. పన్నెండేళ్లు పనిచేశాక షావుకారు నాన్నని పిలిచి, "సరుకు నేనిస్తాను, మీ ఊళ్లో కొట్టు పెట్టుకోరా" అన్నాడట. దాన్ని దయ అనుకోనక్కర్లేదు. లంక ఊళ్లో ఆయనకి నమ్మకమైన కొనుగోలుదారు కావాలి. ఏదైతేనేం, గుమాస్తా కొట్టు యజమాని అయ్యాడు. అలా పైకొచ్చిన వాళ్లు ఆ రోజుల్లో ప్రతి బజార్లోనూ ఉండేవాళ్లు.

ఏలూరు షావుకారు నాన్నకి వారం గడువుతో సరుకిచ్చేవాడు. నాన్న చెరువుల కూలీలకి పట్టుబడి దాకా అరువిచ్చేవాడు. గూడెంలో బస్తా దింపిన హమాలీకి, ఏలూరులో దాన్నే రిక్షా మీదికెక్కించిన జట్టు కూలీకి బస్తాకింతని ముట్టేది. కిలో ఉల్లిపాయల ధరలో ఇంతమంది కూలి కలిసి ఉండేది. ధర అంతుండేది అందుకే.

*

పద్దుల్లో ఇంకో సంగతి కనబడింది, అదీ లేని పేర్ల వల్ల. బడి పంతుళ్లు, పోస్టాఫీసాయన, ఏలూరులో ఉద్యోగాలు చేసే నాలుగైదు ఇళ్లవాళ్ల పేర్లు ఆ పుస్తకాల్లో ఎక్కడా లేవు. వాళ్లు ఒకటో తారీఖున నగదిచ్చి నెల సరుకులు పట్టుకెళ్లేవాళ్లు. వాళ్లకీ అరువువాళ్లకీ ధర ఒక్కటే. అంటే నగదువాళ్లు ఇచ్చే దాంట్లో ఒకటో రెండో రూపాయలు అరువువాళ్ల గడువుకి సర్దుబాటయ్యేవి. ఎవరూ ఎవరికీ చెప్పకుండా, ఎవరూ సంతకం పెట్టకుండా నడిచిన ఒప్పందం అది. నగదువాళ్లకి దక్కింది కొసరు: తూకం అయ్యాక పైన వేసే గుప్పెడు, పిల్లాడి చేతిలో బెల్లం ముక్క.

చవక ధర మా ఊరికి కొత్తేమీ కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చింది. మన రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద డిస్కౌంటు కొట్టు అదేననాలి. కానీ దాని వల్ల చిల్లర కొట్లు చచ్చిపోలేదని నాన్న అంటాడు. బియ్యం మీద మిగిలిన డబ్బుతో జనం పప్పూ నూనే కొన్నారట.

2006లో ఆపరేషన్ కొల్లేరు వచ్చింది. దాని వెనక చాలా కథ ఉంది. 1970ల్లో జలగం వెంగళరావు ప్రభుత్వం సహకార సంఘాల పేరిట లంకవాసులకి చేపల చెరువులిచ్చింది. రానురాను అవి లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. సొంతదారులు తమ చెరువుల గట్ల మీదే కూలీలయ్యారు. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో లోపలి చెరువుల గట్లు తెంచేశారు. సరస్సుకి అది అవసరమే కావచ్చు. కానీ లీజుదారు వేరే చోట చెరువు చూసుకున్నాడు, కూలీకి పని పోయింది. ఆ ఏడాది పద్దు పుస్తకం మిగతా వాటికి రెండింతల లావు. "పట్టుబడికి ఇస్తాడు" అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అయినా నాన్న రాస్తూనే ఉన్నాడు. రాయగలిగాడంటే ఒకటో తారీఖు నగదు ఇంకా వస్తోంది కాబట్టి.

*

సరిగ్గా ఆ ఏడాదే, 2006లో, రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు హైదరాబాదులో తెరిచారు. మన దగ్గర పుట్టిన త్రినేత్రని ఆదిత్య బిర్లా గ్రూపు కొని తరవాత 'మోర్'గా మార్చింది. 2002లో ముంబై పవాయ్‌లో ఒక్క దుకాణంతో మొదలైన డీమార్ట్, భవనాలు చాలావరకు సొంతంగా కట్టుకుంటూ, సరఫరాదారులకి త్వరగా డబ్బిచ్చి ధర తగ్గించుకుంటూ మెల్లగా మన జిల్లా కేంద్రాల దాకా వచ్చింది.

2012 సెప్టెంబరులో చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం ఒప్పుకుంది. వ్యాపారులు బంద్ చేశారు. నాన్న కూడా ఆ రోజు షట్టరు దించాడు. ఒప్పుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. అయితే ఆ దుకాణాలు 10 లక్షల జనాభా దాటిన నగరాల్లోనే పెట్టాలన్నారు. 2011 లెక్కల్లో ఏలూరు జనాభా రెండు లక్షల పైచిలుకు, గూడెం లక్ష పైచిలుకు. "మనకేం భయం లేదు" అనుకున్నారు మావాళ్లు. వాల్‌మార్ట్ వస్తుందేమోనని ముందు గుమ్మానికి గడియ పెట్టుకున్నాం. స్వదేశీ గొలుసు దుకాణాలకి జనాభా షరతే లేదు. అవి పక్క గుమ్మంలోంచి వచ్చాయి.

వాటి చవక ఎక్కణ్ణుంచి వస్తుంది? కొంత నిజంగా పొదుపే: ఎక్కువ సరుకు, తక్కువ చేతులు. ఆ సరుకు సొంత గోదాముల నుంచి వస్తుంది కాబట్టి గూడెం హమాలీ భుజం మీదికి ఎక్కదు, వన్ టౌన్ మెట్లు ఎక్కదు. ఇంకొంత బేరం బలం. 2021 డిసెంబరులో దేశవ్యాప్త పంపిణీదారుల సమాఖ్య కంపెనీల మీద తిరగబడింది ఇందుకే: పెద్ద సంస్థలకి ఒక ధర, మా ద్వారా వెళ్లే చిన్న కొట్లకి ఇంకో ధర ఏమిటని. ఇదే గొడవ మీద అమెరికా 1936లోనే రాబిన్సన్-పాట్మన్ అనే చట్టం చేసింది.

జీతాల సంగతి కూడా అమెరికాలోనే ఎక్కువ లెక్కపెట్టారు. వాల్‌మార్ట్ వచ్చిన కౌంటీలో మొదట వంద దాకా ఉద్యోగాలు పెరిగి, అయిదేళ్లలో అందులో సగం కరిగిపోయాయని ఎమెక్ బాస్కర్ 2005లో రాసింది. 2008లో డేవిడ్ న్యూమార్క్ బృందం ఇంకా కటువుగా తేల్చింది: వాల్‌మార్ట్‌లో ఒక ఉద్యోగం వస్తే రిటైల్ రంగంలో సుమారు 1.4 ఉద్యోగాలు పోయాయని. ఆ లెక్కల్ని మన దగ్గరికి తెచ్చేటప్పుడు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. అక్కడ పోయినవి జీతాల పుస్తకంలో ఉన్న ఉద్యోగాలు. మా కొట్లో మధ్యాహ్నాలు కూర్చున్నది అమ్మ. పొట్లాలు కట్టింది నేను. మాకు జీతమే లేదు కాబట్టి, పోయిందని రాయడానికీ ఏమీ లేదు.

*

ఏలూరు శివార్లలో పెద్ద కొట్టు తెరిచాక నాన్న దగ్గరికి రావడం మానేసింది పాతిక ముప్ఫై ఇళ్లే. కానీ అవన్నీ ఒకటో తారీఖు ఇళ్లు. బండి ఉండి, చేతిలో నెల మొత్తానికి సరిపడా డబ్బుండి, ఒకేసారి కొనగలిగినవాళ్లు. ఆ చవక వాళ్లకే అందింది. కొనేవాళ్లలో ఎక్కువమంది నాన్న దగ్గరే మిగిలారు, అందరూ అరువువాళ్లే. ఏలూరు షావుకారు కూడా అదే దెబ్బ తిని వారం గడువు మూడు రోజులకి దించాడు, తరవాత నగదే అన్నాడు. కింద అరువు, పైన నగదు. అలా కొట్టు ఎన్నాళ్లు నడుస్తుంది?

ఇదంతా చెప్పి పెద్ద కొట్టుని తిట్టేసి ఊరుకోవచ్చు. కానీ మా పిన్ని కూతురు అలాంటి ఒక కొట్లోనే బిల్లింగ్ కౌంటర్లో చేస్తోంది. జీతం బ్యాంకులో పడుతుంది, పీఎఫ్ కోస్తారు. "అన్నయ్యా, పెదనాన్న గుమాస్తాగా ఉన్న కొట్లో ఆడపిల్లకి పనిచ్చేవాళ్లా?" అని అడిగింది. ఇచ్చేవాళ్లు కాదు. నా దగ్గర ఇంకో మాట లేదు. నేనూ ఒకటి అడిగాను, పదేళ్లు పోయాక ఏం చేస్తావని. నవ్వింది. "ఇంకో కౌంటరు" అంది. పప్పు ఎక్కడ కొంటారో, ఎంతకి కొంటారో ఆ కౌంటరు దాకా రాదు. ఒకరోజు తనే కొట్టు పెట్టుకోవడానికి అక్కడ నేర్చుకునేది ఏమీ లేదు.

మరి చెరువు కూలీల అరువు ఏమైంది? అవసరం అలాగే ఉంది. ఇప్పుడు మైక్రోఫైనాన్సు వాళ్ల గ్రూపుల్లో ఉంది, ఫోన్లో లోన్ యాపుల్లో ఉంది. నాన్న పద్దులో వడ్డీ గడి లేదు. వీళ్లకి వారం వారం వాయిదా ఉంది, పట్టుబడి దాకా ఆగరు. పెద్ద కొట్టు ధరల పట్టికలో ఈ వడ్డీ కనిపించదు. చవక ఎంతో లెక్క కట్టేవాళ్లు దీన్ని కూడా కలపాలి.

పండక్కి పెద్ద కొట్టు నుంచే సరుకులు తెచ్చాం. నాన్న కందిపప్పు ప్యాకెట్ కత్తిరించి కొంచెం అరచేతిలో పోసుకుని చూశాడు. "కొత్తదే" అన్నాడు. బిల్లు కూడా చూశాడు. నూట నలభై రూపాయలు ఆదా అయిందని అడుగున అచ్చేసి ఉంది.

"ఎవరికి?" అన్నాడు.

నేను పుస్తకాలు మళ్లీ బీరువా మీద పెట్టేశాను.